మూడు కుప్పలు

ఇంటికొచ్చి నాలుగు రోజులైనా సంచి హాల్లో గోడకు ఆనుకునే ఉంది. ఆదివారం పొద్దున దాన్ని చాప మీద బోర్లించి, ఉన్నవన్నీ మూడు కుప్పలు పెట్టాను. రోజూ వాడినవి ఒకటి. ఒకటి రెండుసార్లు వాడినవి ఇంకోటి. వెళ్లినవి వెళ్లినట్టే తిరిగొచ్చినవి మూడోది. కొండలెక్కి వచ్చినవాళ్లు మర్చిపోకముందే ఈ లెక్క చూసుకోవాలని మా మేనల్లుడి ఉపదేశం. చూస్తే మూడో కుప్పే పెద్దది. మా ఆవిడ అటుగా వెళ్తూ ఆగి, "పాపం, ఇవి కూడా హిమాలయాలు చూసొచ్చాయి" అంది.

మేం వెళ్లింది హంప్టా కనుమకు. హిమాచల్‌లో కులూ లోయ వైపు నుంచి ఎక్కి, కనుమ దాటి, లాహౌల్ వైపు దిగే నాలుగు రోజుల నడక. కనుమ ఎత్తు దాదాపు 4,270 మీటర్లు. హిమాలయాల్లో దీన్ని పెద్ద ఎత్తు కింద లెక్కపెట్టరు. కానీ ఈ దారికి ఒక చిక్కుంది. ఇవతలి లోయ వానకు నానుతుంది. అవతలి లోయ వానమబ్బు సరిగా అందని ఎండు నేల. మధ్యలో జూన్ ఆఖరుకు కూడా పూర్తిగా కరగని మంచు. అంటే వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడింటినీ ఒకే సంచిలో సర్దుకుని మోయాలి. మోసేది యాభై దాటిన నడుము.

మేనల్లుడికి ఇది మూడో యాత్ర. ఎండకు అరచేతులు కాలే భువనగిరి గుట్ట మీద తాళ్లు పట్టుకుని రాళ్లెక్కడం నేర్చుకున్నాడు. పదమూడేళ్ల వయసులో, 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా శిక్షణ మొదలుపెట్టింది ఆ గుట్ట మీదే. బయల్దేరడానికి నెల ముందు వాడు నాకో జాబితా పంపాడు. మొదటి వాక్యం: "మామా, కాటన్ ఒక్క పోగు కూడా వద్దు."

నవ్వుకున్నాను. పుట్టగానే నన్ను చుట్టింది పాత నూలు చీరలో. పుట్టింది పత్తి పండే వరంగల్ జిల్లాలో. బనియన్ నుంచి దుప్పటి దాకా నూలే. ఆ నూలును నిన్నటి పిల్లాడు వద్దంటే మానేస్తామా? జాబితా అంతా బుద్ధిగా పాటించి, రెండు కాటన్ బనియన్లు, ఒక జీన్స్ ప్యాంటు మాత్రం సంచి అడుగున దాచాను.

మనాలీ చేరిన సాయంత్రం గైడు వచ్చాడు. బియాస్ నదికి ఎగువన ఏదో ఊరు, ముప్పై అయిదేళ్లుంటాయి, మాట తక్కువ. నా హైదరాబాదీ హిందీ విని మాత్రం ఆపుకోలేక నవ్వాడు. ఆపిల్ పెట్టెలు తూచే కాటా మీద సంచి పెడితే పద్నాలుగు కిలోలు తూగింది. "సార్ జీ, ఒకసారి తెరుస్తారా?" అని అడిగి, ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచాడు. పెళ్లివారు సారె చూస్తున్నంత శ్రద్ధగా చూశాడు. జీన్స్ దగ్గర చెయ్యి ఆగింది. ఏమీ అనలేదు. స్నానాల గదిలోకి తీసుకెళ్లి, దాని ఒక కాలు బకెట్లో ముంచి, పిండి, నా చేతికిచ్చాడు. "పట్టుకోండి." బరువు. నా పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు కాలు కూడా అలాగే ముంచి, పిండి, రెండింటినీ వరండా తీగ మీద పక్కపక్కన వేశాడు. "పొద్దున మాట్లాడుకుందాం."

పొద్దున చూస్తే ట్రాక్ ప్యాంటు ఆరింది. జీన్స్ కాలు రాత్రి ముంచినట్టే చల్లగా వేలాడుతోంది. ఇక మాట్లాడుకోవలసింది ఏమీ లేకపోయింది. జీన్సూ బనియన్లూ మనాలీలోనే ఉండిపోయాయి. ఆ పూట ఫలహారం సిడ్డు. పొంగిన గోధుమపిండి లోపల అక్రోటు ముద్ద పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, వేడివేడిగా విరిచి నెయ్యి పోస్తారు. మన కుడుము కులూ లోయకు అల్లుడుగా వెళ్తే ఇలాగే ఒళ్లు చేస్తుందేమో అనిపించింది.

దారి పొడుగునా ఆ తీగే గుర్తొచ్చింది. పత్తి నీళ్లు తాగుతుంది, తాగింది త్వరగా వదలదు. మన ఎండలో అదే దాని పుణ్యం. చెమట పీల్చుకుని, గాలి తగలగానే ఒంటిని చల్లబరుస్తుంది. కొండ మీద అదే దాని పాపం. మనల్ని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్ట సందుల్లో కదలకుండా నిలిచిన గాలి. ఆ సందుల్లో నీరు చేరిందా, వెచ్చదనం పోయినట్టే. గాలికంటే నీరు ఒంటి వేడిని దాదాపు ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తుంది. అందుకు మంచు కురవక్కర్లేదు. అయిదారు డిగ్రీల చలిలో తడిబట్టలతో ఈదురుగాలికి చిక్కుకున్నా మనిషి ప్రాణం మీదికి వస్తుంది. నేను ఇంటి దగ్గర సర్దుకున్నదంతా చలికి భయపడి. భయపడవలసింది తడికి.

సంచి సర్దే తీరు కూడా గైడే మార్చాడు. పైన కప్పే తొడుగును నమ్మొద్దన్నాడు. వీపు వైపు నుంచి, పట్టీల కుట్ల నుంచి వాన లోపలికి దారి చేసుకుంటుందట. చెత్త వేసే పెద్ద నల్ల కవరు ఒకటి సంచి లోపల ముందుగా పరిచి, అందులో సామాను పెట్టాలి. దాని అడుగున ఇంకో కవర్లో ఒక జత ఉన్ని సాక్సులు, ఒక చేతుల బనియను, ఒక పైజామా. "ఇవి రాత్రి గుడారంలో తప్ప తొడగకూడదు. పగలు ఎంత తడిసినా, ఎంత చలేసినా ముట్టుకోకూడదు. పొద్దున లేచాక మళ్లీ నిన్నటి తడివే వేసుకుని నడవాలి."

విన్నది కొత్త సంగతిలా అనిపించలేదు. మా నాయనమ్మ మడిబట్టలు గుర్తొచ్చాయి. ఎత్తున దండెం మీద ఆరేసి కర్రతో తీసేది, పిల్లలం కింద నుంచి వెళ్లినా కసిరేది. ఆ నిష్ఠ దేనికో మాకు అప్పుడు అర్థమయ్యేది కాదు. ఇక్కడ అంటు అంటే తడి, అంతే తేడా. నేను ఆ కవరుకు 'మడి' అని పేరు పెట్టాను. మేనల్లుడు దాన్ని గైడుకు నేర్పాడు. మర్నాటి నుంచి అతను కూడా, "సార్ జీ, మడి భద్రమే కదా?" అని అడగడం మొదలుపెట్టాడు.

జోబ్రా దగ్గర నడక మొదలు. మొదటి రోజు అడవి. దేవదారులు, మేపుల్ చెట్లు, వాటి మధ్య తెల్లటి బోదెలతో భూర్జ వృక్షాలు. కాగితంలా పొరలుగా లేచిన బెరడు. పాత తాళపత్రాల ముచ్చట్లలో భూర్జపత్రం అన్న మాట ఎన్నిసార్లు చదివానో. చెట్టు ముందు నిలబడ్డాక గాని అది ఒకప్పుడు ప్రాణమున్న తోలని తట్టలేదు. ఈ చెట్టుకూ పొరలు తప్పలేదు. మా ఒంటి మీద కూడా మూడు పొరలే. లోపలిది చెమటను బయటికి తోసేది, మధ్యది వేడిని పట్టి ఉంచేది, పైది గాలినీ వాననూ ఆపేది. ఈ మూడూ తెలిస్తే బట్టల విద్య వచ్చేసిందనుకున్నాను. రెండు రోజులకే తప్పని తేలింది.

చికా దాటిన రెండో రోజు నా కుడి బూటు నోరు తెరిచింది. ఆరేళ్ల కింద కొని, నల్లమలలో ఒక్కసారి వేసి, అటకెక్కించిన బూట్లు. చూడ్డానికి కొత్తవే. కానీ అట్టకూ పైభాగానికీ నడుమ ఉండే మెత్తటి పొర, ఏళ్ల తరబడి గాలిలోని తేమ తాగి లోపల్లోపలే పిండైపోయిందట. వాడితే అరుగుతాయని తెలుసు గానీ, వాడకపోయినా అరుగుతాయని తెలియదు. గైడు నైలాన్ తాడు చుట్టి, బాలూ కా ఘేరా దాకా కుంటించాడు.

బాలూ అంటే ఇసుక. దాదాపు 3,600 మీటర్ల ఎత్తున, కొండల నడుమ వాగు తెచ్చి పోసిన ఇసుకమేట. గుడారాలు వేస్తుండగానే వాన అందుకుంది. మా సామాను మోసే కంచరగాడిదల యజమాని నా బూటు చూశాడు. అడగలేదు, చెప్పలేదు. జీను కుట్టుకునే దబ్బనం తీసి, తన గుడారంలో లాంతరు కింద కూర్చుని గంటసేపు అట్ట చుట్టూ కుట్టాడు. డబ్బివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏం చేయాలో తోచక ఆవకాయ డబ్బా ఇచ్చాను. చలికి పైన నూనె పేరి చిక్కబడింది. వేలితో నాకి, కళ్లు పెద్దవి చేసి, అరిచినంత పని చేసి, మళ్లీ నాకాడు. ఆ డబ్బా మళ్లీ నాకు కనబడలేదు. బాగు చేయించుకున్నవాడికన్నా చేసినవాడే మొహమాటపడే మర్యాద మా నగరంలో ఎప్పుడు తప్పిపోయిందో ఆలోచిస్తూ పడుకున్నాను.

ఆ సాయంత్రమే వాన మధ్యలో గద్దీ కాపరులను చూశాను. వేసవి మేతకు మందల్ని తోలుకుని ఈ కనుమల మీదుగా లాహౌల్ వైపు వెళ్లే గొర్రెల కాపరులు. ముసలాయన ఒకడు బండ పక్కన నిలబడి ఉన్నాడు. మోకాళ్ల దాకా దిగిన ఉన్ని అంగీ, దాన్ని చోలా అంటారు. నడుముకు చుట్లు చుట్లుగా నల్ల ఉన్నితాడు, దాన్ని డోరా అంటారు. వాన అంగీ మీద పూసలు కట్టి జారుతోంది. రొమ్ము దగ్గర అంగీ కదిలింది. ఒక గొర్రెపిల్ల తల బయటపెట్టి, వాన చూసి, మళ్లీ లోపలికి పోయింది. నడుము దగ్గర డోరా బిగించి ఉంది కాబట్టి పైన అంగీ అంతా ఒక సంచి. పిల్లకు వెచ్చదనం, ఆయనకు పిల్ల వెచ్చదనం. మూడు కంపెనీల జాకెట్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని నేనాయన ముందు వణుకుతున్నాను.

మా ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయన ఉండేవాడు, పిల్లలం తాతా అని పిలిచేవాళ్లం. ఆయన నల్ల గొంగడి గుర్తొచ్చింది. దక్కనీ గొర్రెల బిరుసు ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించింది. వాన మొదలైతే మడిచి తల మీద కొప్పెర పెట్టుకునేవాడు, ఎండైతే చెట్టు కింద పరిచేవాడు, రాత్రయితే కప్పుకునేవాడు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపల దాచుకుని కూడా పైకి తడిగా తెలియనివ్వదు. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది. ఈ సంగతి గద్దీలకూ తెలుసు, మన కురుమలకూ తెలుసు. మాకు తెలిసిందల్లా గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం. గొంగడి గరుకని, గుచ్చుకుంటుందని, వాసనని నేనే ఎన్నోసార్లు అన్నాను.

రాత్రి గుడారంలో గిన్నెలో ఎంతసేపు మరిగినా పప్పు ఉడకలేదు. ఆ ఎత్తులో నీళ్లు ఎనభై ఎనిమిది డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎదురుచూస్తూ మేనల్లుడు ఒక కథ చెప్పాడు. 1922లో ఎవరెస్టు మీదికి వెళ్లిన బ్రిటిష్ జట్టులో జార్జ్ ఫించ్ అనే రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. బెలూన్లు కుట్టే గుడ్డలో సముద్రపు బాతు ఈకలు కూరి కోటు కుట్టించుకున్నాడు. ట్వీడ్ కోట్లు వేసుకున్న తోటివాళ్లు ఆ కోటును చూసి నవ్వారు. పైన చలి పట్టుకున్నాక ఇక నవ్వలేదు. ఇవాళ అందరం వేసుకునే ఈకల జాకెట్లకు ఆ కోటే పూర్వీకురాలు. "కానీ మామా, ఈకలు తడిస్తే ముద్దే. అది వానలో వేసుకునేది కాదు" అన్నాడు. నేను దాన్ని ఆరోజు వానలోనే వేసుకుని తిరిగాను. అప్పటికే ముద్ద ముద్దగా ఉంది.

మూడో రోజు చీకటితోనే కనుమకు బయల్దేరాం. చలికి పళ్లు కొట్టుకుంటున్నాయి. గైడు నా పై జాకెట్టు చూపించి, "విప్పండి" అన్నాడు. నడక మొదట్లో కొంచెం చలేయాలట. వేయలేదంటే ఎక్కువ తొడిగినట్టు. నేను విప్పలేదు. అరగంటకు చెమట మొదలైంది. మళ్లీ చెప్పాడు. ఆగడమంటే సంచి దించాలి, పట్టీలు ఊడదీయాలి, అందరూ నాకోసం నిలబడాలి. ఆ నామోషీకి, "ఫర్వాలేదు భాయ్, నడుద్దాం" అన్నాను. మంచు మొదలయ్యాక బూట్లకు ముళ్లపట్టీలు తగిలించారు. వాటి రబ్బరు నా కుట్టుబూటును ఒడిసి పట్టుకుంది. ఎండ ఎక్కింది. పైనుంచి సూర్యుడు, కింద నుంచి మంచు మీద పడి లేచే వెలుగు. నల్లద్దాలు లేకపోతే కళ్లు పోతాయనిపించేంత తెలుపు. లోపల చెమట కాలువలు.

కనుమ మీద అడుగుపెట్టేసరికి ఎదురుగా ఇంద్రాసన్ శిఖరం, 6,221 మీటర్లు, ఆకాశానికి ఆనించిన గొడ్డలిలా ఉంది. చూసింది రెండు నిమిషాలు. అవతలి లోయ నుంచి గాలి లేచింది, మబ్బు శిఖరాన్ని తుడిచేసింది, బియ్యపు నూకల్లాంటి మంచు మొహానికి కొట్టడం మొదలైంది. ఒంటి మీది చెమటంతా ఒక్కసారిగా చన్నీళ్లయింది. జిప్పు లాగుదామంటే వేళ్లు వంగలేదు. మేనల్లుడు ఏదో అడుగుతున్నాడు, జవాబు నోట్లోనే ముద్ద కడుతోంది. భయం కూడా వేయలేదు, అదే విచిత్రం. కూర్చుంటే బాగుండునని మాత్రం అనిపించింది.

గైడు నన్ను బండ చాటుకు లాగాడు. పసిపిల్లాడికి విప్పినట్టు తడి చొక్కా విప్పాడు, సంచి విప్పి 'మడి' తీశాడు. నేను గొణిగాను, రాత్రికి కదా అని. "ఇదే రాత్రి" అన్నాడు. పొడి బనియను, దాని మీద ఉన్ని, దాని మీద వాన ఆపేది. నోట్లో పల్లీపట్టి కుక్కాడు. పది నిమిషాలకు వణుకు మొదలైంది. వణుకు మొదలైతే అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఒళ్లు తన పని తాను మొదలుపెట్టిందన్నమాట. అప్పుడు మెల్లగా చెప్పాడు: "సార్ జీ, చలి వేయకముందు తొడగాలి. చెమట పట్టకముందు విప్పాలి. బట్టలు అందరూ తెస్తారు."

బండ చాటున కూర్చుని ఆ మాట నమిలాను. మా ఊళ్లో పొద్దున తొడిగిన చొక్కా రాత్రికి విప్పుతాం. మధ్యలో ఎండొచ్చినా వానొచ్చినా చొక్కా మారదు, చెట్టో గొడుగో వెతుక్కుంటాం. మార్చుకోవడానికి ఆగాలంటే నలుగురిలో చిన్నతనం. కొండ మీద అందరికన్నా ఎక్కువసార్లు ఆగింది ఎవరో తర్వాత లెక్కేశాను. గైడే. మబ్బు కదిలితే ఆగేవాడు, చెట్లు అయిపోతే ఆగేవాడు, ఎక్కుడు ముగిసి దిగుడు మొదలైతే ఆగేవాడు. ఇరవైసార్లు సంచి దించి ఎత్తేవాడు. మా అందరికన్నా ముందుండేవాడు.

షియా గోరూ వైపు దిగుడంతా మంచు మీద జారుడే. రాత్రి అక్కడ చలి ఎలా ఉందంటే, కొబ్బరినూనె సీసా పగలగొడితే తప్ప రాదు. ఫోనును కూడా పక్కలో పెట్టుకుని పడుకున్నాం, చలికి బ్యాటరీ చస్తుందని. పొద్దున్నే వాగు దాటాలి. ఎండెక్కితే పైన మంచు కరిగి నీరు పెరుగుతుంది కాబట్టి తెల్లవారుతుండగానే దిగాం. సాక్సులు విప్పి, సంచి నడుంపట్టీ ఊడదీసుకుని, చేతులు గొలుసులా పట్టుకుని. పడితే సంచిని వదిలించుకోవడానికి ఆ పట్టీ ఊడి ఉండాలి. మొదటి నాలుగడుగులు ఎముకల్లో నొప్పి. తర్వాత కాళ్లున్నాయో లేవో. అవతలి ఒడ్డున నా భుజం మీది నూలు తువ్వాలుతో నలుగురం పాదాలు రుద్దుకున్నాం. పత్తికి ఆ కొండల్లో దొరికిన ఒకే ఒక ఉద్యోగం అది. బాగానే చేసింది.

ఛత్రూ దగ్గర రోడ్డు, చంద్రా నది. పచ్చదనం ఎక్కడో వెనక తెగిపోయింది. బూడిద రంగు కొండలు, ఎండ, దుమ్ము. వాన కోటు వేసుకున్నవాడు అక్కడ పిచ్చివాడు. జీపెక్కి వచ్చి, 2020లో తెరిచిన అటల్ సొరంగంలోకి దూరాం. తొమ్మిది కిలోమీటర్లు. ఇటు ఎండలో దూరితే అటు మనాలీ వైపు వాన. నాలుగు రోజులు ప్రాణాలు ఉగ్గబట్టుకుని దాటిన తేడాను పావుగంటలో, కిటికీ అద్దం ఎత్తి దించినంత సులువుగా దాటేశాం. జీపులో ఎవరూ ఏ చొక్కా మార్చలేదు.

మేనల్లుడికి ఫోన్ చేసి మూడో కుప్ప సంగతి చెప్పాను. "దాన్ని ఈసారి ఇంట్లో వదిలెయ్ మామా, లెక్క అంతే" అన్నాడు. కుప్ప ముందు మళ్లీ కూర్చున్నాను. రెండో స్వెటరు, నాలుగు టీషర్టులు, మంకీ క్యాపు, గొడుగు, పౌడరు డబ్బా, చదవని రెండు పుస్తకాలు. వీటినన్నిటినీ భయం సర్దింది. వాటి మధ్యలోనే మందుల పెట్టె, ఈల, అగ్గిపెట్టెంత మడత పడే వెండిరంగు దుప్పటి, టార్చి బ్యాటరీలు. ఇవీ వాడలేదు. వాడవలసి రాకపోవడం నా తెలివి కాదని, ఆ బండ చాటున పది నిమిషాలు తెలిసినవాడిగా వీటిని మాత్రం విడిగా తీశాను. అవి నాలుగో కుప్ప, చాలా చిన్నది.

ఉన్ని సాక్సుల జత ఒకటి ఏ కుప్పలోనూ కలవలేదు. ఉతికి, ఆరేసి, కొత్త నల్ల కవర్లో చుట్టి, ఖాళీ సంచి అడుగున మొదట పెట్టాను.